లోపలి కంప్యూటరు, బయటి కంప్యూటరు, ఒక టిక్కు

ఆగిపోయిన గోడగడియారానికి సొంతంగా బ్యాటరీ వేసినందుకు మెమో అందుకున్న మనిషి ఈ భూప్రపంచంలో తాతాజీ ఒక్కడే అయ్యుంటాడు. "కార్యాలయ కాలమానమును అనుమతి లేకుండా ముందుకు జరిపినందులకు" అని రాశారు అందులో. అప్పట్నుంచీ ఆయన ఆఫీసులో దేన్నీ ముట్టుకోడు. తలమీద ఫ్యాను టకటకమంటూ ఊగుతుంటే, పడ్డాక రిపోర్టు రాద్దాంలే అని కుర్చీ కాస్త పక్కకి జరుపుకుంటాడు. అది కూడా ఎవరూ చూడకుండా.

ఆయన ఉప్పలరేవులో పడవల పత్రాల ఆఫీసుకి సీనియర్ అసిస్టెంటు. వేసవిలో చేపల వేట నిషేధం ఉంటుంది కదా, అన్నాళ్ళూ రేవులో బోట్లు లంగరేసుకుని కూచుంటాయి. వలలు బాగుచేసుకోవడం, బోట్లకి రంగులేసుకోవడం, లైసెన్సు కాయితం కొత్తది తీసుకోవడం, అన్నీ అప్పుడే. నిషేధం ఎత్తేసిన తెల్లారే సంద్రంలోకి దిగిపోవాలి. అన్నాళ్ళు వల తగలని సముద్రం మరి! మొదటిరోజు పడ్డ చేప మళ్ళీ ఏడాదికి గానీ పడదు. కాయితం లేని బోటు కనబడితే మాత్రం గస్తీ వాళ్ళు సగం దారిలోనే వెనక్కి తిప్పేస్తారు.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున్న సంగాని నూకరాజు వచ్చాడు. సొంత బోటు, దాన్ని నడిపే సరంగూ తనే. రేవులో అతను ముందు దిగితే గానీ మిగతా బోట్లు దిగవు. నోరు కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది.

"బాబుగోరూ, కాయితం ఒకటి కొట్టి పడేయండి. వల కుట్టడం సగంలో ఒగ్గేసి వచ్చేను."

తాతాజీ కంప్యూటర్లో బోటు నెంబరు కొట్టాడు. వివరాలన్నీ చక్కగా వచ్చాయి. ప్రింటు నొక్కాడు. ప్రింటరు ఉలకలేదు, పలకలేదు. మళ్ళీ నొక్కాడు. తెరమీద ఒక ముక్క వచ్చింది, ప్రింటరు కనబడటం లేదని.

"కనబడకపోడమేటండీ, ఎదురుగా బండరాయిలా ఉంటే!" అన్నాడు నూకరాజు ప్రింటరు నెత్తిమీద తట్టి.

"నీకూ నాకూ కనబడుద్ది నూకరాజూ. లోపలిదానికి కనబడటంలా."

ఇక్కడ సంగతేంటో కాస్త చెప్పుకోవాలి. బోట్ల లెక్కలు చూసే ప్రోగ్రాము పాతకాలంది. కొత్త కంప్యూటరు వచ్చినప్పుడు ఆ ప్రోగ్రాము దాంట్లో నడవనని మొరాయించింది. అప్పుడు కంపెనీ తరఫున ఇంజనీరు జోసెఫ్ గారు వచ్చి, కొత్త కంప్యూటరు లోపలే ఒక పాత కంప్యూటర్ని సృష్టించి పెట్టారు. వర్చువల్ మెషీన్ అంటారట. నిజంగా ఇనుమూ తీగలూ ఏమీ ఉండవు. అంతా ఉత్తుత్తిదే, కానీ పని మాత్రం నిజంగా చేస్తుంది. పెద్దింట్లో ఒక వాటా అద్దెకిచ్చినట్టనుకోండి. వాటాలో ఉన్నది పాత కంప్యూటరు, ఇంటి ఓనరు కొత్త కంప్యూటరు. ప్రింటరు ఓనరు దగ్గరుంది. వాటాలోంచి ఓనరింట్లోకి ఒక తలుపు. ఆ తలుపులోంచే కాయితాలు వెళ్ళి ప్రింటవుతాయి. ఆ తలుపే ఇప్పుడు మూసుకుపోయింది.

తాతాజీ ఫోను చేస్తే జోసెఫ్ గారు మధ్యాన్నం వచ్చి, కళ్ళజోడు నుదుటికెక్కించి, లోపల్నుంచి బయటికి పింగ్ కొట్టారు. పింగ్ అంటే "ఏవండోయ్, ఉన్నారా?" అని కేకెయ్యడం. అవతల్నుంచి "ఆఁ, ఉన్నా" అని రావాలి. రాలేదు. బయట్నుంచి లోపలికి కేకేశారు. ఉహూఁ. ఫైర్‌వాల్ చూశారు, చిరునామాలు చూశారు, చివరికి ఒక సెట్టింగు తెరిచి "హమ్మయ్య" అన్నారు.

"మొన్న అప్‌డేటు వచ్చినప్పుడు ఇక్కడ టిక్కు ఎగిరిపోయిందండీ తాతాజీ గారూ. నెట్‌వర్క్ కనెక్ట్ అని ఉంది చూశారా, ఈ గడి. ఇందులో టిక్కు పెడితే అయిపోద్ది."

"పెట్టేయండి మరి, మా బాబే!" అన్నాడు నూకరాజు.

జోసెఫ్ గారి వేలు మౌసు మీద ఉంది. సరిగ్గా అప్పుడే ఆఫీసరు సులోచనాదేవి గారు గదిలోంచి బయటికొచ్చారు, చేతిలో సర్క్యులరుతో.

"ఆగండి! వేరువేరు ఆస్తి నెంబర్లు గల రెండు కంప్యూటర్లను ప్రధాన కార్యాలయపు లిఖితపూర్వక అనుమతి లేనిదే పరస్పరం అనుసంధానించరాదు. భద్రతా కారణాల రీత్యా."

"ఇవి రెండు కంప్యూటర్లు కాదు మేడమ్, ఒకటే."

"ఆస్తి నెంబర్లు రెండున్నాయా లేవా?"

జోసెఫ్ గారు తాతాజీ వైపు చూశారు. తాతాజీ నేల వైపు చూశాడు. ఎందుకంటే ఆ రెండో నెంబరు ఆయన నిజాయితీకి దక్కిన ఫలం.

కిందటేడాది ఆడిట్ వాళ్ళొచ్చి, మీ ఆఫీసులో కంప్యూటర్లెన్ని అని అడిగారు. ఒకటేనండి అంటే సరిపోయేది. తాతాజీ "ఒకటేనండి, దాంట్లో ఇంకోటి ఉందండి" అన్నాడు. ఆడిటరు కలం ఆగిపోయింది. ఇంకోటి ఉంటే దాని నెంబరేది, స్టిక్కరేది, అని పట్టుకున్నాడు. వర్చువల్ అండి, ముట్టుకోడానికి ఉండదండి, అంటే, "ముట్టుకోడానికి లేని ఆస్తిని మీరు మాయం చేస్తే ఎలా పట్టుకోవాలి? అందుకే దానికి ముందు స్టిక్కరు వెయ్యాలి" అన్నాడు. న్యాయమే కదా. తెరమీద లోపలి కంప్యూటరు కనబడేచోట, సరిగ్గా అద్దం మీదే రేకు స్టిక్కరు అంటించి వెళ్ళాడు. ఆవేళ్టి నుంచి తాతాజీకి బోటు ఓనర్ల ఇంటిపేర్లు కనబడవు. మెడ పక్కకి వంచి, స్టిక్కరు కిందనుంచి కొద్దికొద్దిగా జరుపుకుంటూ చదువుకుంటాడు.

నెంబరొచ్చాక ఊరుకుంటుందా? ప్రతి కంప్యూటరుకీ ఒక టేబులూ కుర్చీ అని రూలు. రెండో టేబులూ కుర్చీ వచ్చేశాయి. ఆ టేబులు ఖాళీగా ఉంటుంది, మీద చిన్న బోర్డు మాత్రం ఉంటుంది: "లోపలి కంప్యూటరు. (ప్రస్తుతము ఎదుటి టేబులు నందు కలదు.)" నూకరాజు ఓసారి తెలీక దానిమీద చేపల బుట్ట పెట్టబోతే పెద్ద గొడవైపోయింది.

"అయితే ఇప్పుడేటి సేద్దారంటారు?" అన్నాడు నూకరాజు.

"అనుమతి కోరదాం. రెండు కంప్యూటర్ల సంరక్షకులూ తమకి అభ్యంతరం లేదని రాసివ్వాలి. బయటిదాని సంరక్షకుడెవరు?" అన్నారు మేడమ్ గారు.

"నేనేనండి" అన్నాడు తాతాజీ.

"లోపలిదానికి?"

"అదీ నేనేనండి. అదనపు బాధ్యతండి."

"మంచిది. అయితే మీరు మీకు ఒక ఉత్తరం రాయండి. దానికి మీరు జవాబివ్వండి. రెండూ నా ద్వారా పంపండి."

జోసెఫ్ గారు కళ్ళజోడు కిందకి దించుకుని, సంచీ సర్దుకుని, "టిక్కు పెట్టమన్నప్పుడు ఫోను చెయ్యండి, వస్తాను" అని వెళ్ళిపోయారు.

తాతాజీ కూచుని రాసుకున్నాడు. "అయ్యా, తమరి సంరక్షణలో గల కంప్యూటరుతో నా సంరక్షణలో గల కంప్యూటరును అనుసంధానించుటకు తమరికేమైనా అభ్యంతరము కలదా, తెలియజేయ ప్రార్థన." రాసి, మేడమ్ గారితో ముద్ర వేయించి, మళ్ళీ తనే అందుకుని, అందినట్టు సంతకం పెట్టాడు. జవాబు ఆవేళే రాసేద్దామనుకున్నాడు గానీ మేడమ్ గారు ఒప్పుకోలేదు. "అంత తొందరగా జవాబిస్తే ఆలోచించకుండా ఇచ్చారంటారు. రేపు రాయండి" అన్నారు. రాత్రంతా ఆలోచించినట్టు మర్నాడు జవాబు రాశాడు: "అభ్యంతరము లేదు."

ఫైలు పైకెళ్ళింది. ఇక్కడ నూకరాజు రోజూ రావడం మొదలెట్టాడు. వస్తూ వస్తూ ఇంకో నలుగురు బోట్లవాళ్ళని వెంటేసుకొస్తున్నాడు. ఎవరి కాయితమూ అవలేదు కదా.

"బాబుగోరూ, మీరు మీకు రాసుకున్న జాబు సేరిందా?"

"చేరింది నూకరాజూ."

"మీరు మీమీద కోపంగా ఏం లేరు గదా?"

అందరూ నవ్వారు. తాతాజీ కూడా నవ్వబోయి, మేడమ్ గారి తలుపు తెరిచుందని చూసి ఆపేసుకున్నాడు.

ఫైలు తిరిగొచ్చింది. అనుమతితో కాదు, ఆక్షేపణతో. "ఇరువురు సంరక్షకుల సంతకములూ ఒకే విధముగా ఉన్నవి. ఫోర్జరీ అనుమానము కలుగుచున్నది. వివరణ ఇవ్వవలెను."

తాతాజీ ఫైలు పట్టుకుని మేడమ్ గారి గదికి పరిగెత్తాడు. మేడమ్ గారికి మాత్రం తోచని ఉపాయం ఉంటుందా!

"లోపలిదాని తరఫున ఎడంచేత్తో పెట్టండి."

ఎడంచేత్తో పెట్టాడు. అది సంతకంలా లేదు, ఎండ్రకాయ ఇసకమీద నడిచినట్టుంది. పైవాళ్ళకి బాగా నచ్చింది. "సంతకములు వేరువేరుగా ఉన్నవి, తృప్తికరము" అని రాసి, ఇంకో ప్రశ్న వేశారు. రెండు కంప్యూటర్ల మధ్య దూరము ఎంత?

తాతాజీ సున్నా అని రాశాడు. ఆ గడిలో సున్నా పట్టదని వెనక్కొచ్చింది. అగ్ని ప్రమాద నివారణ నిబంధనల ప్రకారం రెండు యంత్రాల మధ్య మనిషి నడిచేంత సందు ఉండి తీరాలట. సందు ఉన్నదీ లేనిదీ స్వయంగా తనిఖీ చేయడానికి జాయింట్ డైరెక్టరు గజపతిరాయుడు గారు వస్తున్నట్టు వైర్‌లెస్ మీద తెలిపారు.

ఆయన వచ్చేసరికి నిషేధం ఎత్తెయ్యడానికి ఒక్క రాత్రే మిగిలింది. రేవులో బోట్లకి ఐసు ఎక్కించేశారు. డీజిలు పోయించేశారు. బోట్లలో పనిచేసే కళాసీలంతా లుంగీలు ఎగ్గట్టుకుని రెడీగా ఉన్నారు. కాయితాలు మాత్రం లేవు. నూకరాజు ఆఫీసు మెట్లమీద గొంతుక్కూచున్నాడు. అతని కళాసీలకి పక్క రేవునుంచి అప్పుడే పిలుపులొస్తున్నాయి. అక్కడి ఆఫీసు వేరు, వాళ్ళ కాయితాలెప్పుడో అయిపోయాయి. రేపు తన బోటు కదలకపోతే మనుషులు అటు వెళ్ళిపోతారు. ఒకసారి వెళ్ళిన కళాసీ మళ్ళీ ఏడాదికి గానీ రాడు.

గజపతిరాయుడు గారు జీపు దిగి, జేబులోంచి టేపు తీశారు. కొలతలంటే ఆయనకి ప్రాణం.

"లోపలిదాన్ని బయటికి తియ్యండి."

"తియ్యడానికి రాదండి."

"కనీసం చూపించండి."

తాతాజీ తెరమీద లోపలి కంప్యూటర్ని తెరిచి చూపించాడు. ఆయన వంగి, టేపు తెరకి ఆనించి కొలిచారు. "జానెడుంది. జానెడు దాన్ని కంప్యూటరని ఆస్తుల్లో ఎలా చూపించారు?"

"పెద్దది చెయ్యొచ్చండి" అని తాతాజీ పైన మూల నొక్కాడు. లోపలిది తెరంతా పరుచుకుంది.

గజపతిరాయుడు గారు ఒకడుగు వెనక్కేశారు. "ఎవరి అనుమతితో పెంచారు?"

తాతాజీ గబుక్కున మౌసు వదిలేశాడు.

"మేడమ్, రాసుకోండి. తనిఖీ సమయమందు ఆస్తి విస్తీర్ణము మూడింతలైనది. ఇంతవరకూ వృద్ధిని ఎందుకు దాచినదీ సంజాయిషీ కోరవలెను." తర్వాత టేబులు చుట్టూ ఒక చుట్టు తిరిగి, వెనక వైర్ల దగ్గర వంగి చూసి, చాలా విచారంగా తలూపారు. "కిటికీ లేదు, ఫ్యాను లేదు. ఒకదాని కడుపులో ఒకటి. మధ్యలో మనిషి కాదు గదా, చీమ నడవడానికి సందు లేదు. ఈ స్థితిలో అనుసంధానానికి అనుమతిస్తే రేపు ఏదైనా జరిగితే నేను జవాబుదారీ."

అప్పుడు నూకరాజు లేచి లోపలికొచ్చేశాడు. వెనక బోట్లవాళ్ళందరూ.

"అయ్యా, మీ కంప్యూటర్లు కలిత్తే ఏం, కలవకపోతే ఏం. ఆటి కాపరం మాకెందుకు? రేపు తెల్లారి మా బోటు సంద్రంలో ఉండాల. గస్తీ వోళ్ళు కాయితమడుగుతారు. ఏటి సూపించమంటారు?"

"ఆవేశపడకండి. నిబంధన ఏమంటోంది? మేడమ్, చదవండి."

"ఒరిజినల్ లైసెన్సు పడవయందు ఉండవలెను."

"విన్నారా? ఒరిజినల్ ఎక్కడుంది?"

"లోపలి కంప్యూటర్లో అండి" అన్నాడు తాతాజీ.

"అయితే లోపలి కంప్యూటరు పడవయందు ఉండవలెను."

బోట్లవాళ్ళంతా కిటికీలోంచి రేవు వైపు చూశారు. 

"కంప్యూటర్లను కలపడానికి అనుమతి కావాలి గానీ," అన్నారు గజపతిరాయుడు గారు నెమ్మదిగా, తన తెలివికి తనే మురిసిపోతూ, "మొయ్యడానికి అక్కర్లేదు. అయితే సెట్టును విడదీయరాదు. బయటిది, లోపలిది, ప్రింటరు, సంరక్షకులు. అన్నీ కలిసి వెళ్ళాలి."

"సంరక్షకులంటే..." అన్నాడు తాతాజీ.

"మీరిద్దరూనూ."

నూకరాజు తల గోక్కున్నాడు. "మరి అందరి కాయితాలూ దాన్లోనే గదండీ. రేవులో బోట్లు శానా ఉన్నాయి, కంప్యూటరు ఒక్కటి."

"రెండు" అని సరిదిద్దారు గజపతిరాయుడు గారు. "బోట్లన్నీ కంప్యూటరున్న బోటు చుట్టూ కనుచూపు మేరలో ఉంటే సరి. ఒరిజినల్ అందరికీ అందుబాటులో ఉన్నట్టే లెక్క."

తెల్లారుతూనే ఉప్పలరేవునుంచి సంద్రంలోకి బయల్దేరిన ఊరేగింపుని చూడ్డానికి ఆడా మగా అంతా ఇసకమీదకొచ్చేశారు. ముందు నూకరాజు బోటు. దాని నడుమ టేబులు, మోకులతో కట్టేసి. టేబులు మీద కంప్యూటరు, పక్కన ప్రింటరు, పైన టార్పాలిను పందిరి. బోటు బ్యాటరీకి ఇన్వర్టరు తగిలించారు. రెండో టేబులూ కుర్చీ కూడా ఎక్కించమన్నారు మేడమ్ గారు, నూకరాజు ఒప్పుకోలేదు. తాతాజీ నారింజ రంగు లైఫ్ జాకెట్టు తొడుక్కుని, రెండు చేతులా మానిటర్ని వాటేసుకుని కూచున్నాడు. చుట్టూ బోట్లే బోట్లు. పెళ్ళికొడుకుని ఊరేగించినట్టుంది.

"మా ఇంట్లో పెళ్ళికి కూడా ఇంతమంది రాలేదు బాబుగోరూ" అన్నాడు నూకరాజు చుక్కాని దగ్గర్నుంచి. తాతాజీ అప్పటికే తల బయటికి పెట్టి వాంతి చేసుకుంటున్నాడు.

గస్తీ పడవ రానే వచ్చింది. అందులోంచి ఎస్సై ఇటు దూకాడు.

"లైసెన్సు?"

తాతాజీ మూతి తుడుచుకుని తెర చూపించాడు. ఎండలో తెరమీద ఏమీ కనబళ్ళేదు. ఇద్దరూ ఒక దుప్పటి కప్పుకుని లోపలికి దూరారు. దుప్పట్లో ఉక్క, డీజిలు కంపు, దానికి తోడు బోటు ఊగుతోంది. స్టిక్కరు పక్కనుంచి మెడలు వంచి చూసి, నూకరాజు బోటు నెంబరు సరిపోయిందన్నాడు ఎస్సై. దుప్పట్లోంచి బయటికొచ్చి, చుట్టూ ఉన్న బోట్లని చూశాడు.

"వీటన్నిటివీ?"

"అన్నీ దీంట్లోనేనండి. మళ్ళీ దుప్పట్లోకి రావాలండి."

ఎస్సై మొహం తుడుచుకున్నాడు. "నేనలా పక్కన లంగరేసి ఉంటా. వేట అయ్యేదాకా ఒక్క బోటు కూడా ఈ గుంపు దాటిపోకూడదు. దాటితే పట్టుకుంటా."

వేటెక్కడిది? అన్ని బోట్లూ ఒక్కచోటే వలలేశాయి. ఒకరి వల ఇంకొకరి వల్లో చిక్కుకుంది, మూడోవాడి లంగరు ఆ రెండింట్లో పడింది. ఇంజన్ల మోతకి చేప అన్నది ఆ చుట్టుపక్కల లేకుండా పోయింది. తిట్లు మొదలయ్యాయి. ముందు వలల్ని తిట్టుకున్నారు, తర్వాత అమ్మల్ని, చివరికి అందరూ కలిసి కంప్యూటర్ని.

నూకరాజు మాత్రం తిట్టడం లేదు. అంత నోరున్న మనిషి చుక్కాని వదిలేసి వచ్చి, టేబులు పక్కన చతికిలబడ్డాడు. అవతల పక్కరేవు బోట్లు విచ్చుకుని హాయిగా వల లాక్కుంటున్నాయి. ఇతని కళాసీలు నలుగురూ పని మానేసి అటే చూస్తున్నారు.

"ఆళ్ళ కళ్ళు సూడండి బాబుగోరూ. సాయంత్రానికి ఒక్కడుండడు నా బోట్లో." అని, తెర వైపు చూశాడు. "ఆ మద్దెన కళ్ళజోడాయన ఏదో పెట్టబోయేడు. టిక్కు. అదెక్కడ?"

తాతాజీ మానిటర్ని ఇంకా గట్టిగా వాటేసుకున్నాడు. "నాకు తెలీదు."

"తెలుసు. మీ మొకం సెప్తంది."

"నూకరాజూ, నేను గడియారానికి బ్యాటరీ వేస్తేనే మెమో ఇచ్చారు. ఇది వేస్తే ఉద్యోగం పోద్ది. పింఛను పోద్ది."

"ఇక్కడెవరు సూత్తారు? సేపలా? అయీ లేవు."

తాతాజీ కళాసీల వైపు చూశాడు. అందులో ఒకడు పక్కరేవు బోటువాడికి చెయ్యి ఊపుతున్నాడు. అవతలవాడు రమ్మని సైగ చేస్తున్నాడు. నూకరాజు అది చూసి తలొంచుకున్నాడు. ఆ తలొంచుకోవడం తాతాజీ చూడలేకపోయాడు.

సెట్టింగు తెరిచాడు. గడి కనబడింది. చిన్నది, బియ్యపు గింజంత. బాణం దానిమీద పెడదామంటే బోటు ఊగినప్పుడల్లా పక్కకి పోతోంది. ఒకసారి అటు, ఒకసారి ఇటు. 

"కెరటానికి సెయ్యి జారిందని రాసుకోండి బాబూ" అన్నాడు నూకరాజు ఆయన మణికట్టు పట్టుకుని, గట్టిగా, చుక్కాని పట్టుకున్నట్టే. "సంద్రం మీద సెయ్యి జారిందంటే ఎవుడు కాదంటాడు?"

టిక్కు పడింది.

తాతాజీ లోపల్నుంచి బయటికి ఒక కేకేసి చూశాడు. "ఆఁ, ఉన్నా" అని వచ్చింది. మళ్ళీ మళ్ళీ వచ్చింది, వరసగా, అన్నాళ్ళూ మాట్లాడక మాట్లాడక దొరికిన చుట్టాల్లాగా. ప్రింటరు ఒకసారి మూలిగి, కడుపులోంచి నూకరాజు కాయితం బయటికి తోసింది.

తర్వాత జరిగింది చూసి తీరాలి. బోట్లు ఒక్కొక్కటే పక్కకొచ్చి ఆనడం, తాతాజీ వంగి కాయితం అందించడం, వాళ్ళు దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఇంజను గట్టిగా తిప్పుకుని పోవడం. ఎస్సై కూడా దుప్పటి మడతపెట్టి వెళ్ళిపోయాడు. మధ్యాన్నానికి సంద్రమంతా విచ్చుకుంది. నూకరాజు దూరం పోయి వలేశాడు. పైకి లాగుతుంటే బరువుకి కళాసీలు నలుగురూ పాట అందుకున్నారు. తాతాజీ ఆ పాటలో వాంతి చేసుకోవడం మర్చిపోయాడు.

సాయంత్రం ఒడ్డున మేడమ్ గారూ, గజపతిరాయుడు గారూ నిలబడి ఉన్నారు. అందరి చేతుల్లోనూ కాయితాలు! గజపతిరాయుడు గారి కనుబొమలు పైకెళ్ళాయి.

"తాతాజీ గారూ, ఇవి ఎలా ప్రింటయ్యాయి? రెండు కంప్యూటర్లూ కలిశాయా?"

"కలిశాయండి."

"ఎవరు కలిపారు?"

తాతాజీకి అబద్ధం ఆడటం రాదు. నిజం చెబితే మెమో. ఉన్న నిజంలోనే ఒక చిన్న ముక్క విరిచి చేతిలో పెట్టాడు. "సముద్రం మీదకెళ్ళాక కలిశాయండి."

"వాటంతట అవే?"

"కెరటం... గాలి బాగా ఉందండి."

గజపతిరాయుడు గారు ముక్కు ఎగబీల్చి గాలి పీల్చారు. మళ్ళీ పీల్చారు. "మేడమ్," అన్నారు టేపు జేబులో పెట్టుకుంటూ, "మన శాఖ ఒక గొప్ప విషయం కనిపెట్టింది."

వారం తిరక్కుండా సర్క్యులరు వచ్చింది. "లోపలి, బయటి కంప్యూటర్ల మధ్య అనుసంధాన లోపము తలెత్తిన యెడల, సంబంధిత సెట్టును సముద్రపు గాలికి తగు సమయము ఉంచవలెను. సముద్రము లేని జిల్లాలవారు ఉన్న జిల్లాకు పంపవలెను." మెట్ట జిల్లాలనుంచి లారీలమీద కంప్యూటర్లు దిగడం మొదలయింది, గడ్డిలో చుట్టి, మామిడిపళ్ళలాగా. వాటిని సంద్రంలోకి తీసుకెళ్ళడానికి అనుభవమున్న పడవ ఒకటే కదా! నూకరాజు బోటుని శాఖ తీసేసుకుంది. చేతిలో కొత్త లైసెన్సుంది, డెక్కు మీద వలకి చోటు లేదు. కళాసీలు నలుగురూ మానిటర్లు మొయ్యలేక పక్కరేవుకి పోయారు.

తాతాజీకి ఆ రాత్రి నిద్రపట్టలేదు. పొద్దున్నే బస్సెక్కి ప్రధాన కార్యాలయానికెళ్ళి, గజపతిరాయుడు గారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. జీవితంలో మొదటిసారి పిలవకుండా వెళ్ళాడు.

"సార్, గాలి కాదండి. నేనే టిక్కు పెట్టాను. అనుమతి లేకుండా పెట్టాను. మెమో ఇచ్చెయ్యండి. ఆ బోటు మాత్రం వదిలెయ్యండి."

గజపతిరాయుడు గారు ఆయన్ని చాలాసేపు ప్రేమగా చూశారు.

"ఇదే మీలో నాకు నచ్చేది తాతాజీ గారూ. ఇంత పెద్ద ఆవిష్కరణని పట్టుకుని, ఏదో టిక్కు అంటున్నారు. వినయం ఉండాలి గానీ మరీ ఇంత పనికిరాదు. నివేదిక పైకి పంపేశాం. గాలి అని రాశాం. ఇప్పుడు టిక్కు అంటే శాఖ పరువేం కావాలి?" అని సొరుగులోంచి ఒక కవరు తీసి ఇచ్చారు.

మెమో కాదు. ప్రమోషను. సముద్ర అనుసంధాన అధికారి, ఉప్పలరేవు.

ఇప్పుడు రోజూ తెల్లారుతూనే తాతాజీ, నూకరాజు కలిసి సంద్రంలోకి పోతారు. ఒడ్డు కనుమరుగయ్యేదాకా ఆగి, తాతాజీ ఒక్కో కంప్యూటరూ తెరిచి, ఒక్కో టిక్కు పెడతాడు. మధ్యమధ్యలో లేచెళ్ళి వాంతి చేసుకొస్తాడు. నూకరాజు ఆయన మణికట్టు పట్టుకుంటాడు. సాయంత్రం ఒడ్డుకి రాగానే బుట్టలు పట్టుకున్న ఆడవాళ్ళు అలవాటు చొప్పున ఎదురొస్తారు.

"ఏం పడ్డాయి నూకరాజా?"

నూకరాజు టార్పాలిను ఎత్తి చూపిస్తాడు.

"అన్నీ గుడ్డుతో ఉన్నయ్యే పిన్నీ. ఒక్కోదాని కడుపులో ఇంకోటుంది. కూరకే పనికిరావు."